మన పిల్లి, పొరుగువారి గుమ్మం

"మౌలానా సాబ్! నోరులేని పిల్లికి పిడికెడు అన్నం పెట్టడం కూడా తప్పేనా?"

గత ఏడాది కొండాపూర్‌లోని ఒక మస్జిద్‌లో అస్ర్ నమాజు తర్వాత ఒక యువకుడు మమ్మల్ని ఈ ప్రశ్న అడిగాడు. తప్పు కాదు అని మేము ఒక్క మాట అంటే చాలు, ఆ మాట పట్టుకుని నేరుగా వెళ్ళి ఎవరికో వినిపించాలన్న తొందర అతని ముఖంలో కనిపిస్తోంది. అందుకని వెంటనే జవాబివ్వకుండా, ముందు సంగతంతా చెప్పమన్నాము.

అతని కుటుంబం మస్జిద్ బండ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో రెండవ అంతస్తులో ఉంటోంది. రెండేళ్ళ క్రితం వానలో తడిసి సెల్లార్‌లో అరుస్తున్న పిల్లికూనను అతని తల్లి ఇంటికి తెచ్చి, పాలు పోసి బతికించింది. ఇప్పుడవి ఐదయ్యాయి. తలుపు తీసే ఉంటుంది. అవి డక్ట్‌లో నుంచి దూరి, సన్‌షేడ్ మీదుగా నడిచి, పక్క ఫ్లాట్ బాల్కనీలోకి దిగుతాయి. ఆ ఫ్లాట్‌లో ఒక హిందూ కుటుంబం ఉంది. ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తల్లి వృద్ధురాలు. ఆ బాల్కనీలో ఆమె రోజూ ఉదయం స్నానం చేసి నీళ్ళు పోసే తులసికుండీ ఉంది. పిల్లికి మెత్తటి మట్టి కనిపిస్తే ఏం చేస్తుందో పిల్లిని పెంచినవారికి చెప్పనవసరం లేదు.

మొదటిసారి ఆ ఇంటి కోడలు నవ్వుతూనే చెప్పింది, "ఆంటీ, మీ పిల్లులు మా కుండీ తవ్వేస్తున్నాయండీ" అని. రెండవసారి నవ్వు లేదు. మూడవసారి ఇంటాయన వచ్చాడు. ఆ తర్వాత విషయం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సమావేశానికి వెళ్ళింది. అక్కడ ఈ తల్లి అందరి ముందూ అన్న మాట ఏమిటంటే, "మా ప్రవక్తగారు పిల్లుల్ని ప్రేమించారు, మా ధర్మంలో పిల్లిని తరమకూడదు" అని. వారం తిరగకుండా ఒక పిల్లి సెల్లార్‌లో నురుగు కక్కి చనిపోయి కనిపించింది. విషం పెట్టింది పక్కింటివారేనని ఈ ఇంటివారు తీర్మానించుకున్నారు. రంజాన్ పండుగకు షీర్ ఖుర్మా పోసి పంపిన స్టీలు గిన్నె కూడా పక్కింట్లోనే ఉండిపోయింది. అడగడానికి వీరు వెళ్ళలేదు, ఇవ్వడానికి వారు రాలేదు.

పిల్లికి అన్నం పెట్టడం తప్పా అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. కానీ ఆ సమావేశంలో మన ప్రవక్త (స) పేరును ఒక పొరుగువాని ఫిర్యాదుకు అడ్డుగోడగా నిలబెట్టారే, ఆ విషయం చిన్నది కాదు. మేము కలం పట్టింది అందుకే.

ఆ తల్లి చెప్పినదాంట్లో నిజం ఎంత ఉందో ముందు చూద్దాం. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోబోతుండగా ఒక పిల్లి వచ్చింది. ఆయన పాత్రను దాని వైపు వంచి తృప్తిగా తాగనిచ్చారు. కోడలు కబ్షా (రజి) ఆశ్చర్యంగా చూడటం గమనించి, పిల్లి అశుద్ధమైనది కాదనీ, అది మీ ఇళ్ళలో మీ చుట్టూ తిరిగే వాటిలోనిదనీ దైవప్రవక్త (స) చెప్పినట్లు ఆమెకు తెలిపారు. అబూదావూద్, తిర్మిజీ మొదలైన గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, నేల మీది పురుగు పుట్రనైనా తినడానికి వదలక చంపినందుకు నరకానికి పోయిందన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. హజ్రత్ అబూ హురైరా (రజి) సంగతి అందరికీ తెలిసిందే. తన కుటుంబం మేకలను కాసే రోజుల్లో ఆయన దగ్గర ఒక చిన్న పిల్లి ఉండేది. రాత్రి దాన్ని ఒక చెట్టు మీద ఉంచి, పగలు తన వెంట తీసుకుపోయి ఆడుకునేవారు. ఆ పేరు ఆయనకు అలా వచ్చిందని తిర్మిజీలో ఉంది.

ఇంతవరకు నిజం. ఇక ఫోన్లలో తిరిగే మాటలు వేరే ఉన్నాయి. పిల్లి మీద ప్రేమ విశ్వాసంలో భాగమని ఒక హదీసు చలామణిలో ఉంది. అది కల్పితమని ఇమామ్ సగానీ, ముల్లా అలీ ఖారీ వంటి హదీసువేత్తలు ఎప్పుడో తేల్చిచెప్పారు. చొక్కా చేతి మీద నిద్రపోయిన పిల్లిని లేపడం ఇష్టంలేక ప్రవక్త (స) ఆ చేతిభాగాన్ని కత్తిరించారన్న కథకు కూడా ప్రామాణిక హదీసు గ్రంథాలలో ఆధారం లేదు. వినడానికి ముచ్చటగా ఉన్నంత మాత్రాన ప్రవక్త (స) చెప్పని మాటను ఆయనకు అంటగట్టడం తేలికైన విషయం కాదు. ఈ సంగతి మదరసాలో మొదటి ఏడాది పిల్లవాడికి కూడా నేర్పుతారు.

సరే, ప్రామాణికమైన ఉల్లేఖనాల దగ్గరికే వద్దాం. వాటిలో పిల్లి పట్ల దయ ఉంది, దాని ఎంగిలి విషయంలో సౌలభ్యం ఉంది. పొరుగువాడు దాని మలాన్ని సహించి తీరాలన్న మాట వాటిలో ఎక్కడైనా ఉందా? అబూ ఖతాదా (రజి) పిల్లికి తాగించింది తన పాత్రలో నుంచి. పొరుగువాని పాత్రలో నుంచి కాదు. దయ చూపేవాడు ఆ దయకయ్యే ఖర్చు తానే భరిస్తాడు. పుణ్యం మన ఖాతాలో, శుభ్రం చేసే పని పక్కింటి కోడలి చేతిలో అయితే దాన్ని దయ అని ఎలా అనగలం?

పొరుగువారి హక్కు గురించి జిబ్రీల్ (అలై) ఎంతగా నొక్కి చెబుతూ వచ్చారంటే, పొరుగువానిని వారసునిగా చేసేస్తారేమో అనిపించిందని ప్రవక్త (స) తెలిపారు. ఈ హదీసును మనం జుమా ప్రసంగాలలో తరచూ వింటాం. కానీ దీన్ని ఉల్లేఖించిన సహాబీలలో ఒకరైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఏ సందర్భంలో చెప్పారో తక్కువ మందికి తెలుసు. ఆయన ఇంట్లో మేకను కోశారు. మన యూదు పొరుగువానికి పంపారా, పంపారా అని ఆయన ఇంటివారిని మళ్ళీ మళ్ళీ అడిగి, ఈ హదీసు వినిపించారు. అంటే ఈ బోధన మొదటి నుంచే మన మతం కాని పొరుగువానికి కూడా వర్తిస్తూ వచ్చింది. నమాజులు, ఉపవాసాలు, దానాలు విరివిగా చేస్తూ నోటితో పొరుగువారిని బాధించే ఒక స్త్రీ గురించి అడిగితే, ఆమె నరకవాసి అని ప్రవక్త (స) చెప్పిన హదీసు కూడా ఉంది. ఆమె ఆరాధనలు ఆమెను కాపాడలేదు. మరి పిల్లికి పెట్టిన అన్నం కాపాడుతుందా?

ఇక్కడ ఆ యువకుడు ఒక మాట అన్నాడు. "మౌలానా, అవి మా పిల్లులు కావు కదా, వీధి పిల్లులు. అమ్మీ తిండి పెడుతుంది, అంతే." మేము అడిగాము, వాటికి పేర్లున్నాయా అని. ఉన్నాయట. ఒకటి చనిపోయినప్పుడు ఎవరు ఏడ్చారు? అమ్మీ. ముద్దు చేసేటప్పుడు మనవి, కుండీ తవ్వినప్పుడు వీధివి! ఏదైనా జంతువుకు రోజూ రెండు పూటలా అన్నం పెట్టి, తలుపు తీసి ఉంచి, దాని సంతానాన్ని కూడా సాకుతున్నామంటే కాగితం మీద యజమానులం కాకపోయినా బాధ్యత మనదే అవుతుంది.

కొండాపూర్ ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. శేరిలింగంపల్లి మండలంలో ఒక పల్లె. బండలు, పొలాలు, పెంకుటిళ్ళు, విశాలమైన వాకిళ్ళు. గింజలున్న ఇంట్లో ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట పిల్లి ఉంటుంది, అది ఎవరిదని ఎవరూ అడగలేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చింది, 2007లో శేరిలింగంపల్లి మహానగరంలో కలిసింది, పెంకుటిళ్ళ స్థానంలో అంతస్తులు లేచాయి. ఇప్పుడు రెండు కుటుంబాల మధ్య ఉన్నది తొమ్మిదంగుళాల గోడ. పిల్లికి మాత్రం ఈ మార్పు తెలియదు. అది ఇప్పటికీ వాకిలి వెతుక్కుంటూ తిరుగుతుంది. మారాల్సింది అది కాదు, దాన్ని పెంచే పద్ధతి.

దివ్యఖుర్ఆన్‌లోని అంబియా సూరాలో (78, 79 ఆయతులు) హజ్రత్ దావూద్, హజ్రత్ సులైమాన్ (అలైహిముస్సలాం) ఇచ్చిన ఒక తీర్పు ప్రస్తావన ఉంది. ఒక జాతివారి మేకలు రాత్రివేళ మరొకరి చేనులో పడి మేశాయి. ఆ తీర్పు వివరాలను వ్యాఖ్యాతలు ఇలా తెలిపారు. నష్టపరిహారంగా మేకలను చేను యజమానికి ఇచ్చేయమని దావూద్ (అలై) తీర్పు చెప్పారు. సులైమాన్ (అలై) మరో మార్గం చూపారు. మేకలు కొంతకాలం చేను యజమాని దగ్గర ఉంటాయి, వాటి పాలు, ఉన్ని అతను వాడుకుంటాడు. ఈలోగా మేకల యజమాని ఆ చేనును సాగుచేసి, మునుపటి స్థితికి తెచ్చి అప్పగిస్తాడు. అప్పుడు ఎవరివి వారికి. ఈ తీర్పును సులైమాన్ (అలై)కు తానే తెలియజెప్పానని అల్లాహ్ పేర్కొన్నాడు. దావూద్ (అలై) తీర్పు కూడా వివేకంతో కూడినదే. కానీ రెండవ తీర్పులో మేకలు పోలేదు, చేను పోలేదు, ఇద్దరు మనుషులూ ఒకే ఊళ్ళో ముఖం ముఖం చూసుకుని బతకగలిగే వీలు మిగిలింది. పిల్లిని వెళ్ళగొట్టు లేదా నోరుమూసుకో అని వాదించుకునే మన అసోసియేషన్ సమావేశాలలో ఈ ఆయతులు చదివి వినిపించాలని మాకు అనిపిస్తుంది.

ఫిఖ్హ్ తెలిసిన పాఠకులు ఇక్కడ మమ్మల్ని ఆపవచ్చు. నోరులేని జంతువు తనంతట తాను చేసిన నష్టానికి పరిహారం లేదన్న హదీసు ఉంది కదా, మన హనఫీ మార్గంలో తీర్పు కూడా దానిమీదే కదా అని. నిజమే. ఖాజీ ముందు నిలబడితే హనఫీ తీర్పు ప్రకారం పరిహారం వసూలు కాకపోవచ్చు. కానీ పగలు తోటను కాపాడుకోవడం తోట యజమాని పని అనీ, రాత్రి పశువులను కాపాడుకోవడం పశువుల యజమాని పని అనీ చెప్పిన హదీసు ఆధారంగా ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ (రహ్మతుల్లాహి అలైహిమ్) రాత్రి జరిగిన నష్టానికి యజమానిని బాధ్యుణ్ణి చేశారు. హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా తన 'అల్ ముగ్నీ'లో పిల్లి గురించే విడిగా రాశారు. ఇతరుల కోడిపిల్లలను తినే అలవాటున్న పిల్లిని ఎవరైనా ఉంచుకుంటే, పగలైనా రాత్రైనా నష్టానికి అతనే బాధ్యుడు. అలవాటు లేని పిల్లి ఏదో ఒకసారి చేస్తే బాధ్యత లేదు. అలవాటు తెలిసి కూడా వదిలేయడం, తెలియక జరగడం ఒకటి కాదన్నది దీని సారం. అయినా న్యాయస్థానంలో తప్పించుకోగలగడం వేరు, అల్లాహ్ ముందు తేలికపడటం వేరు. మూడుసార్లు గుమ్మంలోకి వచ్చి చెప్పిన తర్వాత ఇక మాకు తెలియదు అనే అవకాశం ఆ ఇంటివారికి లేదు.

అయితే ఆ తల్లి మనసులో ఒక నిజమైన భయం కూడా ఉందని తర్వాత తెలిసింది. తలుపు వేసి పిల్లులను లోపల ఉంచితే, పిల్లిని బంధించిన ఆ స్త్రీలా తాను కూడా పాపంలో పడతానేమో అన్నది ఆమె బాధ. ఈ భయాన్ని మేము గౌరవిస్తాము. కానీ ఆ స్త్రీ చేసిన పాపం కేవలం లోపల ఉంచడం కాదు, తిండీ నీళ్ళూ లేకుండా ఉంచడం. తిండి, నీరు లోటు చేయకుండా పిల్లిని ఉంచుకోవడం, కట్టి ఉంచడం కూడా ధర్మసమ్మతమేనని ఇదే హదీసు నుంచి పండితులు గ్రహించినట్లు హాఫిజ్ ఇబ్నె హజర్ 'ఫత్హుల్ బారీ'లో తెలిపారు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకుంటే ప్రవక్త (స) కాదనలేదు సరికదా, దాని గురించి ఆ పిల్లవాణ్ణి ఆప్యాయంగా పలకరించేవారు. కాబట్టి బాల్కనీకి జాలీ బిగించి, ఒక తొట్టిలో ఇసుక పోసి పెడితే హింస కాదు. ఇసుక దొరికిన పిల్లి కుండీ కోసం అంతగా వెతకదు.

ఐదు రేపు పదిహేను కాకుండా ఏంచేయాలన్నది మరో విషయం. ఆడపిల్లి ఐదారు నెలలకే ఈనికకు వస్తుంది, సుమారు తొమ్మిది వారాలకు పిల్లలు పెడుతుంది, ఏడాదిలో ఒకటికి మించిన ఈతలు మామూలే. సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించడం అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా అని ఆ యువకుడు అడిగాడు. 'ఫతావా ఆలంగీరీ'లో పిల్లి విషయమే స్పష్టంగా ఉంది. ప్రయోజనం ఉన్నా, నష్టాన్ని నివారించడానికైనా అలా చేయించడంలో దోషం లేదని. నగరంలో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, జూబ్లీహిల్స్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్ సంస్థ ఉంది, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ప్రైవేటు పశువైద్యులూ ఉన్నారు. ఆ చేత్తోనే రేబిస్ టీకా కూడా వేయించాలి. రేబిస్ కుక్క నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. పిల్లి కాటు, గీరు వల్ల కూడా వచ్చే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంతసేపూ పిల్లిని పెంచేవారికి చెప్పాము. మన పాఠకులలో అవతలి గట్టున ఉన్నవారూ తక్కువేం కాదు. పక్కింటి పిల్లి వచ్చి జానమాజ్ మీద పడుకుందని, పాలగిన్నెలో మూతి పెట్టిందని మాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. పిల్లి నడిచినంత మాత్రాన, దాని వెంట్రుక పడినంత మాత్రాన జానమాజ్ అపవిత్రం కాదు. దాని ఎంగిలి పాలు హరామ్ కావు. వేరే ఉన్నప్పుడు వాటిని వాడకపోవడం మేలని మన హనఫీ పండితులు చెప్పారు. మూత్రం, మలం మాత్రం నజాసత్. వాటిని కడగాల్సిందే.

చిరాకుతో విషం కలిపిన చేపముక్క పెట్టడం మాత్రం పెద్ద అపరాధం. నష్టం కలిగించకూడదు, నష్టానికి బదులుగా నష్టమూ చేయకూడదన్నది ప్రవక్త (స) ఇచ్చిన సూత్రం. విషం ఎలుకనో, కాకినో, పక్కింటి పసివాడినో కూడా చంపవచ్చు. దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. జంతువును చంపడం, విషం పెట్టడం, అవిటి చేయడం 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు శిక్ష పడగల నేరం. బాధపెట్టే పిల్లి గురించి పాత ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్న ఒక వాక్యాన్ని, అంటే పదునైన కత్తితో జిబహ్ చేయాలన్న దాన్ని, కొందరు యువకులు మాకు చూపిస్తుంటారు. ఆ వాక్యం మొదటి సగం వారు చదవరు. దాన్ని కొట్టకూడదు, చెవి మెలిపెట్టకూడదు అన్నది ముందున్న మాట. మరో దారి లేని స్థితి కోసం రాసిన మాటను, ఒకరు సాకుతున్న పిల్లి మీద, చట్టం నిషేధించిన దేశంలో ప్రయోగించడం ఫిఖ్హ్ కాదు, కోపం.

గోనెసంచిలో వేసి బొటానికల్ గార్డెన్ దగ్గర వదిలి వచ్చేవారూ ఉన్నారు. అది దయతో చేసే పనిలాగా కనిపిస్తుంది. అన్నానికి అలవాటుపడిన ప్రాణిని తెలియని చోట ఆకలికి వదిలేయడం అది. సాకినవారే ఇలా వదిలేస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కూడా నేరమే. పైగా మన గుమ్మంలోని బాధను కొత్తగూడలో ఎవరి గుమ్మంలోనో దింపి వచ్చినట్లే కదా.

చనిపోయిన పిల్లి సంగతికి వస్తే, ఎవరైనా చూశారా అని అడిగాము. ఎవరూ చూడలేదు. మరోసారి కనుక్కోమంటే, ఆ నెలలోనే సెల్లార్‌లో ఎలుకల మందు పెట్టించారని వాచ్‌మన్ చెప్పాడట. పిల్లి దానివల్లే పోయిందని కూడా మేము అనలేము. కానీ రుజువు లేని అనుమానాన్ని హుజురాత్ సూరా పాపమని హెచ్చరించింది. ఆ అనుమానాన్ని ఈ ఇంటివారు నెలల తరబడి, పక్కింటి తలుపు చూసినప్పుడల్లా నెమరు వేసుకుంటూ వచ్చారు. పోయిన మట్టి తెచ్చిపోయవచ్చు. నిరపరాధి అయితే, అతని పరువును ఎవరు తెచ్చి పోస్తారు?

చివరిగా ఆ యువకుడు కాస్త తటపటాయిస్తూ మరో ప్రశ్న వేశాడు. కుండీ పాడైంది కనుక కొత్తది కొనివ్వాలా? కానీ అది వారు పూజ చేసే తులసి కదా, మనం కొనివ్వవచ్చా?

ఈ ప్రశ్న మాకు నచ్చింది. అతను తన విశ్వాసం గురించీ ఆలోచిస్తున్నాడు, పొరుగువాని హక్కు గురించీ ఆలోచిస్తున్నాడు. మేము చెప్పినదిది. మన ఇమాములు ఎంత దూరం వెళ్ళారంటే, మన దృష్టిలో ఏ విలువా లేని మద్యాన్ని సైతం ముస్లిమేతరుని దగ్గర ఉండగా ఒక ముస్లిం పారబోస్తే, దాని వెల చెల్లించాలని హనఫీ గ్రంథాలు చెబుతున్నాయి. తులసి చెట్టు, మట్టి, కుండీ స్వతహాగా ధర్మసమ్మతమైన వస్తువులు. మన ఇంటి తులసి ఆకులు దగ్గుకు నమిలినవారమే. పాడైనది వారి సొత్తు. దాన్ని మునుపటి స్థితికి తెచ్చి ఇవ్వడం మన బాధ్యత. ఆ తర్వాత వారు దానితో ఏం చేసుకుంటారన్నది మన లెక్కలోనిది కాదు. మనం పూజలో పాల్గొనడం లేదు, బాకీ తీరుస్తున్నాము. చేను యజమాని ఆ చేనులో ఏం పండిస్తావని సులైమాన్ (అలై) అడిగినట్లు ఎక్కడా లేదు.

నెల తర్వాత అతను మళ్ళీ కలిశాడు. అమ్మీ మొదట ఒప్పుకోలేదట. రెండు రోజులు మాట్లాడలేదట. తర్వాత తానే కొడుకును నర్సరీకి పంపించి, కుండీ, సంచి మట్టి, మొక్క తెప్పించింది. పక్కింటి తలుపు తానే తట్టింది. అనుమానపడ్డాను, మన్నించండి అన్న మాట మాత్రం సగమే వచ్చిందట గొంతులో నుంచి. పక్కింటి వృద్ధురాలు లోపలికి రమ్మని కూర్చోబెట్టి, కోడలిచేత స్టీలు గిన్నె తెప్పించింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అందులో నాలుగు అరిసెలు పెట్టింది. ఇంటాయన మాత్రం ఇంకా లిఫ్టులో తల తిప్పుకునే ఉంటాడట. మూడు పిల్లులకు ఆపరేషన్ అయింది, నాలుగోది ఇంకా చిన్నది. బాల్కనీకి జాలీ బిగించారు. వంటగది కిటికీ వైపు మిగిలిపోయింది, ఆ చిన్నది అందులో నుంచే దూకుతోంది. ఆదివారం మేస్త్రీ వస్తానన్నాడని చెప్పి, మగ్రిబ్‌కు అజాన్ కావడంతో అతను వుజూకు లేచాడు.